నింద పిడుగు మీద, పని న్యూట్రల్‌ది

మే నెలలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి వెళ్తే చాలు, మర్నాడు టీవీ రిపేరు షాపుల్లో కాలిపోయిన బోర్డులు, సెట్‌టాప్ బాక్సులు, రౌటర్లు కుప్ప పడతాయి. ఎవరిని అడిగినా ఒకటే మాట, పిడుగు పడింది అని. నాకు ఆ మాట మీద ఎప్పుడూ అనుమానమే. మన దగ్గర పిడుగులకేం కొదవ లేదు, 2018 ఏప్రిల్ 24న పదమూడు గంటల్లో ఆంధ్రప్రదేశ్‌లో 36,749 పిడుగులు నమోదయ్యాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థే చెప్పింది. అయినా ఒకే వీధిలో పదిళ్ళ సామాను ఒకేసారి పోయిందంటే నేను ముందు అడిగేది, ఆ టైములో లైట్లు ఎలా వెలిగాయని. ఒకరింట్లో బల్బు కళ్ళు చెదిరేలా వెలిగి, పక్కింట్లో మిణుకుమిణుకుమంటూ ఉంటే అది పిడుగు కాదు. గాలికి కొమ్మ పడో, తీగల్ని కలిపే జంపర్ ముక్క కాలిపోయో స్తంభం దగ్గర న్యూట్రల్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే తీగ, తెగింది.

మన వీధి లైన్లో కరెంటు తెచ్చే తీగలు, అంటే ఫేజులు మూడు, న్యూట్రల్ ఒకటి ఉంటాయి. ఒక్కో ఇంటికి ఒక ఫేజు, న్యూట్రల్ కలిపి ఇస్తే 230 వోల్టులు వస్తాయి. ఆ న్యూట్రల్ తెగిపోతే వేర్వేరు ఫేజుల మీద ఉన్న ఇళ్ళు ఒకదాని వెనక ఒకటి సిరీస్‌లో పడి, రెండు ఫేజుల మధ్య ఉండే 400 వోల్టులను పంచుకుంటాయి. పంపకంలో న్యాయమేమీ ఉండదు. ఏసీ, గీజర్ నడుస్తున్న ఇంటికి తక్కువ వస్తుంది, పాపం ఒక టీవీ, రెండు లైట్లు వేసుకుని కూర్చున్న ఇంటికి మూడు వందలు దాటిపోతుంది. ఫ్యాను ఒక్కసారిగా జోరందుకుందంటే ఇంకేం ఆలోచించకుండా మెయిన్ ఆఫ్ చేసి 1912కి ఫోన్ చేయడమే.

అసలు పిడుగు దెబ్బ వేరు. అది మీ ఇంటి మీదే పడక్కర్లేదు, కొంచెం దూరంలో పడినా కరెంటు తీగల్లో వేల వోల్టులు పుట్టి ఇంట్లోకి వచ్చేస్తాయి. అంతా మైక్రోసెకన్లలో అయిపోతుంది. మా బాబాయి "స్టెబిలైజర్ ఉంది కదరా" అంటాడు. స్టెబిలైజర్‌లో రిలే అనే లోపలి స్విచ్ కదిలే లోపు ఆ పని ముగిసిపోయి ఉంటుంది బాబాయ్. లోడు ఎక్కువైతే పడిపోయే ఎమ్‌సీబీ కూడా అంతే, కరెంటు లీకైతే పడిపోయే ఈఎల్‌సీబీ అయితే షాక్ నుంచి మనుషుల్ని కాపాడటానికే తప్ప టీవీ కోసం పెట్టింది కాదు.

అందుకని శత్రువులు ఇద్దరు, మందులూ రెండు. పిడుగు సర్జ్‌కి, అంటే ఒక్కసారిగా ఎగసే వోల్టేజీకి, మెయిన్ బోర్డులో టైప్ 2 ఎస్‌పీడీ (సర్జ్ ప్రొటెక్షన్ డివైస్), 320 వోల్టులది, పెట్టించాలి. అది ఎక్కువైన వోల్టేజీని క్షణంలో ఎర్త్‌లోకి మళ్ళిస్తుంది. దాని మీదున్న చిన్న కిటికీలో ఆకుపచ్చ పోయి ఎరుపు కనిపిస్తే దాని ఆయుష్షు అయిపోయినట్టు, మార్చాలి. న్యూట్రల్ తెగినప్పుడు నిమిషాల తరబడి వచ్చే హై వోల్టేజీని మాత్రం ఇది తట్టుకోలేదు, వేడెక్కి ఇదే చచ్చిపోతుంది. దానికి విడిగా ఓవర్ వోల్టేజ్ ప్రొటెక్టర్ ఉంటుంది, 270 దాటిందంటే ఇంటి మొత్తానికి కరెంటు కట్ చేసి, వోల్టేజీ సర్దుకున్నాక కాసేపు ఆగి తనే కలుపుతుంది. నన్నడిగితే, ఊళ్ళో ఇంటికి ఒక్కటే కొనే డబ్బులుంటే ముందు ఈ ప్రొటెక్టరే కొనండి.

ఎస్‌పీడీ పెట్టే ఎలక్ట్రీషియన్ పక్కనే నిలబడండి. వైర్లు అందంగా కనిపించాలని చుట్లు చుట్టి, బోర్డు చుట్టూ తిప్పి కలుపుతారు. సర్జ్ టైములో ఒక్క మీటరు పొడవు వైరే దాదాపు వెయ్యి వోల్టులు అదనంగా కలిపేస్తుంది, అందుకే వైర్లన్నీ కలిపి అర మీటరు మించకూడదు.

ఇంతా చేసి ఎర్తింగ్ లేకపోతే ఆ ఎస్‌పీడీ దాదాపు దండగ, మన ఇళ్ళలో ఎక్కువగా లేనిదీ అదే. పాత ఇళ్ళలో ఎర్త్ వైరుని నీళ్ళ పైపుకి కట్టేవాళ్ళు, అప్పట్లో అది ఇనప పైపు కాబట్టి ఏదో నడిచింది. తర్వాత పైపులన్నీ పీవీసీకి మారాయి, వైరు మాత్రం ఇంకా ఆ ప్లాస్టిక్ పైపునే పట్టుకుని వేలాడుతోంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య బల్బు పెట్టి "వెలిగింది సార్, ఎర్త్ సూపర్" అంటే నమ్మకండి. అరవై వాట్ల బల్బు నిరోధం ఎనిమిది వందల ఓంలకు పైనే, మీ ఎర్త్ యాభై ఓంలున్నా అది నిక్షేపంగా వెలుగుతుంది. మనకు కావాల్సింది ఐదు ఓంల లోపు. ఎర్త్ కొలిచే మీటరుతో కొలిపించండి, ఎండాకాలంలో ఎర్త్ గుంతలో బిందెడు నీళ్ళు పోయండి, నేల పొడిబారే రాయలసీమలో అయితే ఇంకాస్త తరచుగా.

డాబా మీద రాగి లైట్నింగ్ అరెస్టర్, అదే పిడుగు కడ్డీ, ఉంది కదా, ఇంక భయం లేదంటారు కొందరు. అది గోడలు బీటలు తీయకుండా కాపాడుతుంది, తీగల వెంట లోపలికొచ్చే దాన్ని ఆపదు.

వీటన్నిటికంటే గట్టి రక్షణకి పైసా ఖర్చు లేదు, ప్లగ్గు పీకేయడమే. స్విచ్ ఆపితే చాలదు, అది ఫేజు ఒక్కదాన్నే తెంచుతుంది, పైగా మబ్బుల నుంచి దూకి వచ్చినదానికి స్విచ్ లోపలి మిల్లీమీటర్ల సందు ఒక లెక్కా? డిష్ కేబులు, రౌటర్‌కొచ్చే రాగి ల్యాన్ వైరు కూడా తీసేయాలి. ఫైబర్ గాజుది కాబట్టి దానితో పేచీ లేదు, దాని అడాప్టర్ పీకితే సరిపోతుంది. పుణెలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం వాళ్ళ దామిని యాప్ ఫోన్లో ఉంటే చుట్టుపక్కల పిడుగులు ముందే తెలుస్తాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్పై సెకన్లు కూడా లేకపోతే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు, అప్పుడింక ప్లగ్గుల జోలికి పోకుండా అర్జునా ఫల్గుణా అనుకుంటూ కూర్చోండి.

ఇన్సూరెన్స్ ఉందిలే అనుకునేవాళ్ళకి ఒక మాట. 2021 నుంచి ఉన్న భారత్ గృహ రక్ష పాలసీలో పిడుగు వల్ల ఇంటికి జరిగే నష్టానికి కవరేజీ ఉంది. కానీ మినహాయింపుల పేజీ తిప్పండి. షార్ట్ సర్క్యూట్ లాంటి వాటి వల్ల ఏ వస్తువు కాలిందో ఆ వస్తువుకి డబ్బులివ్వరు, కారణం పిడుగే అయినా సరే.