బాండెరాలో తాత లంద

అమ్మకు చెప్పకుండా బయల్దేరాను. టెక్సస్ హిల్ కంట్రీలో బాండెరా పక్కన ఒక రాంచ్‌లో ఆడవాళ్ల కోసం పెట్టిన మూడు రోజుల శిబిరం అది. తోలు మీద పూలు చెక్కడం, జీను పట్టీలు అల్లడం, తాడు విసరడం నేర్పుతారు. శుక్రవారం పొద్దున్నే పిల్లల్ని మా ఆయనకు అప్పగించి డాలస్ పక్కనున్న ఫ్రిస్కో నుంచి కారు తీశాను.

దారిలో ఫోర్ట్‌వర్త్‌లో ఆగి, తెగువ చూపిన ఆడవాళ్లను గుర్తుపెట్టుకునే నేషనల్ కౌగర్ల్ మ్యూజియం చూశాను. 1975లో హియర్‌ఫర్డ్ అనే చిన్న ఊళ్లో, లైబ్రరీ నేలమాళిగలో మొదలైందట. 1994లో ఫోర్ట్‌వర్త్‌కు వచ్చింది. ఇప్పుడున్న భవనం 2002లో తెరిచారు. తుపాకీ గురికి పేరుపడ్డ అనీ ఓక్లీ దగ్గర్నుంచి, అరిజోనా రాంచ్‌లో పెరిగి అమెరికా సుప్రీంకోర్టుకు తొలి మహిళా న్యాయమూర్తి అయిన శాండ్రా డే ఓకానర్ దాకా ఎంతోమందికి అక్కడ చోటుంది. నేను మాత్రం గుర్రపు జీనుల దగ్గరే ఎక్కువసేపు నిలబడ్డాను. ఇక్కడ జీను చేసినవాళ్లు దాని మీద తమ ముద్ర కొట్టుకుంటారు. తోలు పని చేసి పేరు రాసుకోవడం! ఆ మాట మనసులో తిరుగుతుండగానే మళ్లీ రోడ్డెక్కాను.

శాన్ ఆంటోనియో దాటి 16వ నంబరు రోడ్డు మీద పోతుంటే గుట్టలు మొదలయ్యాయి. బాండెరా తనను తాను ప్రపంచ కౌబాయ్ రాజధాని అని పిలుచుకుంటుంది. మెడీనా నది ఒడ్డున పెద్ద పెద్ద సైప్రస్ చెట్లు. రాంచ్ చేరేసరికి పొద్దు వాలింది.

రాత్రి భోజనాల దగ్గర పద్నాలుగు మందిమి వరసగా మా గురించి చెప్పుకోవాలి. ఒకామె నర్సు, ఒకామె మూడు వందల ఆవులున్న రాంచ్ యజమాని, ఇద్దరు అక్కాచెల్లెళ్లు రిటైరైన టీచర్లు. నా వంతు వచ్చింది. సాఫ్ట్‌వేర్ అని చెప్పి కూర్చోవచ్చు. పదహారేళ్లుగా ఈ దేశంలో అలాగే కూర్చుంటున్నాను. ఆ రాత్రి మాత్రం "మా తాత తోలు పని చేసేవాడు" అన్నాను.

తోలు నేర్పే ఆవిడకు డెబ్బై దాటి ఉంటాయి. వేళ్లు నల్లగా, గోళ్లు అరిగి ఉన్నాయి. ఆమె తల ఎత్తి, "దేంతో ఊనేవాడు? ఇక్కడ ఓక్ బెరడు వాడేవాళ్లు" అని అడిగింది. ఊనడమంటే పచ్చితోలు కుళ్లకుండా పదును చేయడం.

మా ఊరు సూర్యాపేట దగ్గర. మేం మాదిగలం. తాత పని గురించి మాట వచ్చినప్పుడల్లా మనవాళ్లు నన్ను అడిగింది ఒకటే, "అయితే మీరేమిట్లు?" అని. దేంతో ఊనేవాడని ఎవరూ అడగలేదు. తంగేడు చెక్క, అంటే బెరడు, అని చెప్పాను. అంతకుమించి నాకు తెలియదు. తంగేడు చెట్టు ఎలా ఉంటుందో, పసుపు పూలు ఎప్పుడు పూస్తాయో, బతుకమ్మలో ఎలా పేరుస్తామో చెప్పగలిగాను కానీ లందలో, అంటే తోలు ఊనే తొట్టిలో, ఎన్ని రోజులు నానేసేవాళ్లో చెప్పలేకపోయాను. ఆ సిగ్గు నన్ను రాత్రంతా నిద్ర పోనివ్వలేదు.

తాత కిర్రుచెప్పులు కుట్టేవాడు, డప్పు కట్టేవాడు, బావి నుంచి నీళ్లు తోడే మోటకు తోలు తొండాలు చేసేవాడు. తొండం లేకపోతే మోట నడవదు, మోట నడవకపోతే మడి తడవదు. అయినా ఆ బావి దగ్గరే దాహమైతే తాత దూరంగా నిలబడి దోసిలి పట్టాలి. బడిలో పక్కన కూర్చున్న పిల్లలు ముక్కు మూసుకునేవాళ్లని అమ్మ చెప్పేది. అందుకే మమ్మల్ని లంద దరిదాపులకు రానివ్వలేదు. అమ్మ తప్పేం లేదు. కానీ తాతతోపాటు ఆ విద్యంతా మట్టిలో కలిసిపోయింది, మా ఇంట్లో దాన్ని విద్య అని కూడా ఎవరూ అనలేదు.

శనివారం పొద్దున కొట్టం లాంటి పెద్ద షెడ్డులో బల్లలు వేశారు. ఒక్కొక్కరికి ఒక బెల్టు పట్టీ. తోలు మందాన్ని ఇక్కడ ఔన్సుల్లో చెప్తారు, ఒక ఔన్సంటే అంగుళంలో 64వ వంతు. మాకిచ్చింది ఎనిమిది తొమ్మిది ఔన్సులది. ముందు తోలును తడపాలి. మరీ తడిగా ఉంటే గీత పూడిపోతుంది, మరీ ఆరితే కత్తి సాగదు. స్పాంజితో తడిపి పక్కన పెడితే కాసేపటికి ముదురు రంగు తగ్గి అసలు రంగు తిరిగి రావడం మొదలవుతుంది. తోలు నేర్పే ఆవిడ నా పట్టీ తీసుకుంది. కళ్లు మూసుకుని చెంపకు ఆనించింది. "ఇంకా చల్లగా ఉండాలి, కానీ తడి తగలకూడదు. చేతికి తెలియదు, చెంపకు తెలుస్తుంది" అంది.

నాకు గొంతులో ఏదో అడ్డుపడింది. వేపచెట్టు కింద తాత సరిగ్గా అలాగే చేసేవాడు. తోలు ముక్క ఎత్తి చెంపకు ఆనించుకుని కళ్లు మూసుకునేవాడు. అప్పుడు నాకు ఐదారేళ్లు. తాత దాన్ని ముద్దు చేస్తున్నాడనుకునేదాన్ని. ఆయన తడి చూసుకుంటున్నాడని తెలుసుకోవడానికి నాకు ముప్పై ఐదేళ్లు, ఇంత దూరం పట్టింది.

తోలు మీద గీతలు చెక్కే స్వివెల్ కత్తికి పైన చిన్న కొడవలిలాంటి వంపు ఉంటుంది. అందులో చూపుడువేలు ఆనించి, బొటనవేలు మధ్యవేలితో కాడ తిప్పుతూ గీయాలి. మందంలో మూడో వంతు దాకా తెగాలి, అంతకంటే లోతు పోతే బెల్టు అక్కడ విరుగుతుంది. ఒకసారి తెగిన గీత మళ్లీ అతుక్కోదు. నా మూడో రేకు దగ్గర కత్తి జారింది. పక్కామె అయ్యో అంది. ఆవిడ వచ్చి చూసి, ఆ గీతను ఒక ఆకు ఈనెగా మార్చమని చూపించింది. తర్వాత బెవెలర్ అనే చిన్న అచ్చును గీత అంచున పెట్టి గూటంతో కొడుతూ పోతే ఒక వైపు అణిగి రేకు పైకి లేచింది. ఇనుప సుత్తి వాడితే పనిముట్టు పాడవుతుంది, గూటమే కావాలి. పద్నాలుగు గూటాల చప్పుడు షెడ్డు నిండా. తాత గూటం చప్పుడు అంటే మా వీధిలో తెల్లవారినట్టు.

మధ్యాహ్నం ఆవిడ ఈనిడ్ జస్టిన్ గురించి చెప్పింది. తండ్రి నొకోనా ఊళ్లో నడిపిన బూట్ల పనిని అన్నదమ్ములు 1925లో ఫోర్ట్‌వర్త్‌కు తరలిస్తే, ఈమె కదలనని అక్కడే ఉండి నొకోనా బూట్ కంపెనీ పెట్టింది. తోలు తెలిసిన ఆడమనిషి. మా నాయనమ్మకూ తోలు తెలుసు, చెక్క దంచింది ఆమే. ఆమె పేరు మీద ఏమీ లేదు.

సాయంత్రం మొహేర్ దారంతో సించ్ అల్లాం, అంటే గుర్రం పొట్ట కింది నుంచి జీనును బిగించే పట్టీ. ఈ గుట్టల్లో అంగోరా మేకలు ఎక్కువ. ఏడాదికి రెండుసార్లు కత్తిరిస్తారు. ఆ దారం చెమట పీల్చుకుంటుంది, గుర్రం చర్మం ఒరుసుకుపోదు. నాది 27 పోగుల పట్టీ. చేతికి తగలగానే మా కురుమోళ్ల గొంగడి గుర్తొచ్చింది, దానికంటే ఇది జారుతుంది.

రాత్రి తొమ్మిదిన్నరకు, అక్కడ ఆదివారం పొద్దున, అమ్మకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు.

"పైసలిచ్చి తోలు పని నేర్సుకుంటున్నవా బిడ్డా?"

"అవునమ్మా."

"అక్కడ ఎవలన్న ఏమన్న అన్నరా?"

"ఏమనలేదమ్మా. తాత దేంతో ఊనేటోడని అడిగిన్రు. నాకు చెప్పరాలేదు."

అప్పుడు అమ్మ మొదలుపెట్టింది. ముందు సున్నం, తర్వాత వెంట్రుకలు గీకుడు, తర్వాత తంగేడు చెక్క నీళ్లు, పాతనీళ్లలోంచి కొత్తనీళ్లలోకి మార్చుడు. నలభై నిమిషాలు ఆగకుండా చెప్పింది. నేను రాంచ్ వాళ్లిచ్చిన కాగితం వెనుక రాసుకున్నాను. అమ్మకు ఇదంతా తెలుసని నాకు తెలియదు.

ఆదివారం కుట్టు పని. ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ఒకే రంధ్రంలోంచి ఇటొకటి అటొకటి. ఒక కుట్టు తెగినా పక్క కుట్టు విడిపోదు. బెల్టు వెనుక ఎవరి ముద్ర వాళ్లు కొట్టుకోవాలి. అక్కడున్నవన్నీ ఇంగ్లిష్ అచ్చులు. నేను కత్తితోనే తాత పేరులోని మొదటి అక్షరం, "ఎ" చెక్కాను. ఆ వంపులకు ఆ కత్తి బాగా తిరిగింది.

ఇంతలో అమ్మే వీడియో కాల్ చేసింది. చేతిలో ఏదో పట్టుకుంది. తాత ఆరె, తోలుకు రంధ్రాలు పొడిచే పనిముట్టు. కర్రపిడి నున్నగా అరిగి, ఒక పక్క బొటనవేలు గుంట పడి ఉంది. సందూకలో గుడ్డలో చుట్టి దాచిందట, ఇన్నేళ్లూ.

నేను ఫోన్ బల్ల మీద పెట్టాను. ఆడవాళ్లంతా చుట్టూ మూగారు. ఆవిడ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది. మొన దగ్గర కొక్కెం ఉందా అని అడిగింది. అమ్మకు చెప్పాను. అమ్మ కొంగుతో ఆరెను తుడిచి, కెమెరాకు ఇంకా దగ్గరగా పట్టింది.