మ్యాక్ కొన్నాక తెలిసింది

పోయిన నెల ద్వారకానగర్‌లోని మా డిజైన్ షాపుకి యాపిల్ వాళ్ల మ్యాక్ కంప్యూటర్ కొన్నాను. పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ పెట్టి, కింద టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఎంత సంతోషమో!

మర్నాడు గాజువాక నుంచి ఒక పెద్దాయన గృహప్రవేశం కార్డు పని తెచ్చారు. పన్నెండేళ్లుగా నేను వాడే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ విండోస్‌కే ఉంది. పాత ఫైలు మ్యాక్‌లో తెరిస్తే ఒత్తులు ఒకచోట, అక్షరాలు ఒకచోట. "సాయంత్రానికి ప్రూఫ్ చూపిస్తావా బాబూ?" అని ఆయన అడుగుతుంటే టెన్షన్ వచ్చేసింది. మూల పెట్టిన పాత విండోస్ సిస్టమ్ దించి, దాని మీదే పని పూర్తి చేశాను.

మెషిన్ ఎంత వేగమైనా మన సాఫ్ట్‌వేర్ దాని మీద నడవకపోతే ఏం లాభం? కంపెనీలకూ ఇది తెలుసు. పేజీలు కూర్చే పేజ్‌మేకర్ 1985లో, ఫొటోలు దిద్దే ఫొటోషాప్ 1990లో ముందు మ్యాక్‌కే వచ్చాయి. డిజైనర్లు అటు వెళ్లింది అందుకే. 2003లో వచ్చిన వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ప్రీమియర్ ప్రోని మాత్రం అడోబీ కంపెనీ విండోస్‌కే ఇచ్చింది. మ్యాక్‌కి అది 2007లో గానీ రాలేదు. ఆ నాలుగేళ్లూ చాలామంది ఎడిటర్లను మ్యాక్ దగ్గర నిలిపింది యాపిల్ సొంత ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఫైనల్ కట్ ప్రో.

మన తెలుగు కోసం అలా పోటీపడేవాళ్లు తక్కువ. అది నాకు నిజంగా బాధ. అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉన్న అక్షరాల కోడ్ యూనికోడ్‌లో కొడితే మ్యాక్‌లోనూ విండోస్‌లోనూ తెరుచుకుంటుంది. అందుకే రోజూ రాత్రి ఒక గంట కూర్చుని పాత కార్డుల మేటర్ యూనికోడ్‌లో మళ్లీ కొడుతున్నా. నిన్న 'శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు'తో మొదలుపెట్టాను.