సీఏ ఇంటర్ క్లాసులకి రివ్యూ రాసేటప్పుడు రిజల్ట్‌ని కాసేపు పక్కన పెట్టండి

"గ్రూప్ వన్ క్లియర్ అయింది, సార్ దేవుడు." "మళ్లీ పోయింది, కట్టిన డబ్బంతా దండగ." సీఏ ఇంటర్ (చార్టర్డ్ అకౌంటెన్సీ కోర్సులో రెండో మెట్టు) కోచింగ్ గురించి ఎక్కడ వెతికినా కనిపించే రివ్యూలు దాదాపుగా ఈ రెండు రకాలే. అవి అబద్ధాలని నేననను, రాసినవాళ్ల సంతోషమూ నిజమే, బాధా నిజమే. కానీ మొదటి మెట్టు ఫౌండేషన్ పాసై, ఇంట్లో నాన్నని ఎలాగో ఒప్పించి, ఏ క్లాసులకి డబ్బు కట్టాలా అని అర్ధరాత్రి దాకా ఫోన్ పట్టుకుని కూర్చున్న పిల్లకి వాటివల్ల తెలిసేదేమీ ఉండదు. మా జూనియర్లు, చుట్టాల పిల్లలు "అక్కా, కాస్టింగ్‌కి (వస్తువు తయారీ ఖర్చు లెక్కగట్టే పేపర్) ఎవరి క్లాసులు తీసుకోమంటావు?" అని అడుగుతూనే ఉంటారు. నేను పేరు చెప్పకుండా ముందు ఇదంతా మొదలుపెడితే విసుక్కుంటారు కూడా, అయినా పేరు కన్నా ఇదే ముఖ్యమని నా నమ్మకం, అందుకే ఒకచోట రాసి పెడుతున్నా.

నేను చెప్పేది ఒక్కటే. రిజల్ట్‌లో క్లాసు వాటా ఎంత, మీ వాటా ఎంత అన్నది విడదీసి చూడకపోతే ఆ రివ్యూ అటు ఫ్యాకల్టీకీ న్యాయం చేయదు, ఇటు చదివేవాళ్లకీ పనికిరాదు.

మార్కుల లెక్కే చూడండి. సీఏ ఇంటర్‌లో మూడేసి పేపర్లు కలిపి ఒక గ్రూప్, ఆ గ్రూప్ పాసవ్వాలంటే ప్రతి పేపర్‌లో 40 రావాలి, గ్రూప్ మొత్తం మీద 50 శాతం రావాలి. ఒకమ్మాయికి అడ్వాన్స్‌డ్ అకౌంటింగ్‌లో 70, లాలో 68, టాక్స్‌లో 38 వచ్చాయనుకుందాం. మొత్తం 176, అంటే 58 శాతం పైనే, అయినా గ్రూప్ పోయినట్టే. అరవై దాటిన రెండు పేపర్లకీ ఎగ్జెంప్షన్ (తర్వాతిసారి ఆ పేపర్లు రాయక్కర్లేదన్న మినహాయింపు) వస్తుంది, అంటే ఆ రెండు సబ్జెక్టులూ ఆమె బాగా రాసిందని పరీక్ష పెట్టే ఇన్‌స్టిట్యూటే (ఐసీఏఐ) ఒప్పుకున్నట్టు. ఇప్పుడు ఆమె ఏడుపు ఆపుకుంటూ, కాంబోలో తీసుకున్న ముగ్గురు ఫ్యాకల్టీలకీ కలిపి ఒక్క స్టార్ ఇచ్చి "గ్రూప్ పోయింది, ఎవరూ జాయిన్ అవ్వకండి" అని రాస్తే? అకౌంట్స్, లా చెప్పినవాళ్లు చేసిన తప్పేమిటి? ఆ మాటకొస్తే టాక్స్ సార్‌ని కూడా వెంటనే అనలేం. ఇన్‌కమ్ టాక్స్ సెక్షన్‌లో పోయిందా, జీఎస్టీలోనా, ఎంసీక్యూల్లోనా, లేక టైమ్ చాలక చివరి ప్రశ్న వదిలేసిందా? ఇవేవీ తెలియకుండా ఆ 38ని ఎవరి ఖాతాలో వేస్తాం? అందుకే రివ్యూ ఎప్పుడూ గ్రూప్‌కి కాదు, పేపర్‌కి రాయాలి.

పాసైనవాళ్ల విషయంలోనూ అంతే. కొత్త స్కీమ్‌లో తొలి ఇంటర్ పరీక్ష మే 2024లో జరిగింది, రెండు గ్రూపులూ కలిపి రాసినవాళ్లలో పాసైంది 18.42 శాతం. ఈ అంకె తెలిసి ఉంటే "మా సంస్థ నుంచి 200 మంది పాస్" అన్న ఫ్లెక్సీ చూడగానే వచ్చే ప్రశ్న వేరేగా ఉంటుంది. ఎంతమందిలో 200? నాలుగొందల్లో అయితే అద్భుతం, రెండు వేలలో అయితే దేశం మొత్తం సగటు కన్నా తక్కువ. పైగా రెండు గ్రూపులూ రాసినవాళ్లా, ఒక గ్రూపే రాసినవాళ్లని కూడా కలిపారా, స్కాలర్‌షిప్ టెస్ట్ పెట్టి ముందే ఏరుకున్న పిల్లలా అన్నది కూడా కావాలి. మెరికల్లాంటి పిల్లల్ని తీసుకుని మెరిక ర్యాంకులు చూపిస్తే అందులో క్లాసు గొప్పతనం ఎంతో పోల్చడం ఎవరివల్లా కాదు. అంకెల కింద ఈ వివరాలు లేకపోతే నేనైతే ఆ అంకెని లెక్కలోంచి తీసేస్తాను.

రిజల్ట్స్ వచ్చిన వారం విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గరా, గుంటూరు బ్రాడీపేటలోనూ ఫ్లెక్సీలు చూసినవాళ్లకి ఇంకో సంగతి తెలుసు. ఒకే ర్యాంకర్ ఫొటో రెండు సంస్థల బోర్డుల మీద ఉంటుంది. చాలాసార్లు రెండూ నిజమే, ఒకచోట రెగ్యులర్ క్లాసులు విన్నాడు, ఇంకోచోట టెస్ట్ సిరీస్ రాశాడు. చిక్కల్లా, ఆ సంగతి బోర్డు మీద లేకపోవడమే. సివిల్స్ కోచింగ్‌లో ఇదే గొడవ పెద్దదైంది, ఇంటర్వ్యూ గైడెన్స్‌కి మాత్రమే వచ్చినవాళ్లని మొత్తం కోర్సు తమ దగ్గరే చదివినట్టు చూపించినందుకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ కొన్ని సంస్థలకి జరిమానాలు కూడా వేసింది. ఆ సంస్థే 2024 నవంబర్‌లో కోచింగ్ ప్రకటనలకి మార్గదర్శకాలు ఇచ్చింది. విజేత ఫొటో వేస్తే ఏ కోర్సు, ఎంతకాలం, డబ్బు కట్టి చేరారా ఉచితమా అన్నది చెప్పాలి, సెలక్ట్ అయ్యాక వాళ్ల అనుమతి తీసుకోవాలి, వివరణని కంటికి కనిపించని అక్షరాల్లో కింద ఎక్కడో పెట్టకూడదు. సంస్థలకి పెట్టిన ఈ నియమాన్నే రివ్యూ రాసే మనమూ పాటించొచ్చు కదా? "నేను ఫలానా సార్ స్టూడెంట్‌ని" అనే ముందు రెగ్యులర్ బ్యాచా, ఫాస్ట్‌ట్రాకా (త్వరగా ముగించే కుదించిన కోర్సు), రివిజన్ వీడియోలా, ఒట్టి క్వశ్చన్ బ్యాంకా అన్నది చెప్పండి. ఫాస్ట్‌ట్రాక్ తీసుకుని "కాన్సెప్ట్ లోతుగా చెప్పలేదు" అనడం, రెగ్యులర్ తీసుకుని "సాగదీశాడు" అనడం, రెండూ సరైన పోలికలు కావు.

మరి క్లాసుని ఎలా చూడాలి? నా పద్ధతి చెబుతాను. డెమో లెక్చర్ చూసి తేల్చుకోవద్దు, ఎవరైనా తమకి బాగా చేతనైన చాప్టరే డెమోలో పెడతారు. అందరి దగ్గరా ఒకటే చాప్టర్ తీసుకోండి, అదీ కాస్త కష్టమైనది. కాస్టింగ్‌లో నేను చూసేది ప్రాసెస్ కాస్టింగ్, అందులోనూ ఈక్వివలెంట్ ప్రొడక్షన్, అంటే సగంలో ఉన్న సరుకుని పూర్తైన యూనిట్ల లెక్కలోకి మార్చి చూడడం. నెల మొదట్లో పని సగంలో ఉన్న సరుకు 1,000 యూనిట్లు ఉంది, లేబర్, ఓవర్‌హెడ్స్ పరంగా 60 శాతం అయిపోయింది. ఫిఫోలో (ముందు వచ్చిన సరుకే ముందు పూర్తవుతుందనే పద్ధతి) ఈ నెల వాటి మీద జరిగే పని మిగిలిన 40 శాతమే, కాబట్టి లెక్కలోకి వచ్చేవి 400 ఈక్వివలెంట్ యూనిట్లు. వెయిటెడ్ యావరేజ్‌లో అయితే ఆ తేడా చూడం, పోయిన నెల ఖర్చుని ఈ నెల ఖర్చుతో కలిపేసి, పూర్తైన యూనిట్లన్నిటినీ నూటికి నూరు శాతం తీసుకుంటాం. ఒక ఫ్యాకల్టీ "ఫిఫోకి ఈ ఫార్మాట్, యావరేజ్‌కి ఆ ఫార్మాట్, రాసుకోండి" అని ముందుకెళ్లిపోతారు. ఇంకొకరు ఆ 400 ఎక్కడినుంచి వచ్చింది, మిగతా 600 యూనిట్ల పని ఖర్చు పోయిన నెల లెక్కలోనే ఎందుకు ఉండిపోయింది అని ఆగి చెబుతారు. వింటున్నప్పుడు మొదటి క్లాసే హాయిగా ఉంటుంది, బోర్డు నీట్‌గా ఉంటుంది, చాప్టర్ త్వరగా అయిపోతుంది.

తేడా బయటపడేది తర్వాత. ఐసీఏఐ విడుదల చేసిన పాత ఆర్‌టీపీ (రివిజన్ టెస్ట్ పేపర్) లోంచి ఒక లెక్క తీసి, నోట్సు మూసేసి, సమాధానం చూడకుండా చేయండి. మెటీరియల్‌కి ఒక పూర్తయిన శాతం, లేబర్‌కి ఇంకొకటి ఇచ్చి, నార్మల్ లాస్‌కి (మామూలుగా పోయే నష్టం) స్క్రాప్ విలువ పెట్టి, అబ్‌నార్మల్ గెయిన్ (అనుకున్న దానికన్నా తక్కువ నష్టం) తీసుకొస్తే ఫార్మాట్ ఒక్కటే నేర్చుకున్నవాళ్లు ఎక్కడో ఒకచోట ఆగిపోతారు. ఆ ఆగిన చోటుని రాసి పెట్టుకోండి. క్లాసులో అసలు రాలేదా, వచ్చినా ఒక వాక్యంలో దాటేశారా, చెప్పారు కానీ మీరే సొంతంగా చేసి చూడలేదా? "ప్రాసెస్ కాస్టింగ్ మొత్తం విన్నాక ఆర్‌టీపీ లెక్కలో అబ్‌నార్మల్ గెయిన్ దగ్గర ఆగిపోయా, క్లాసులో అలాంటి లెక్క ఒక్కటీ చేయించలేదు" అని ఎవరైనా ఒక్క ముక్క రాస్తే, పొగడ్తలతో నిండిన పేజీ కన్నా నాకు అది విలువైనది. ఈ కొలతకి డబ్బు కూడా అక్కర్లేదు. స్టడీ మెటీరియల్, ఆర్‌టీపీలు, మాక్ టెస్ట్ పేపర్లు, సజెస్టెడ్ ఆన్సర్లు అన్నీ ఐసీఏఐ బోర్డ్ ఆఫ్ స్టడీస్ పోర్టల్లో ఉచితంగా ఉన్నాయి, ఆన్‌లైన్ క్లాసులు కూడా వాళ్లే ఉచితంగా ఇస్తున్నారు. కాబట్టి పెయిడ్ క్లాసులని ఒకదానితో ఒకటి పోల్చే ముందు, ఈ ఉచిత క్లాసు మీద అది అదనంగా ఏమిస్తోందో రాయండి. ఈ పోలిక చేసేవాళ్లు చాలా తక్కువ, నాకు అదే బాధ.

థియరీ పేపర్లలో చూడాల్సింది వేరు. లాలో, ఆడిటింగ్‌లో కథలు చెప్పి నవ్వించే ఫ్యాకల్టీకి అభిమానులు ఎక్కువ, తప్పులేదు, సెక్షన్లు గుర్తుండాలంటే కథ కావాలి. కానీ 70 మార్కులు డిస్క్రిప్టివ్, 30 ఎంసీక్యూ అయినప్పుడు, ప్రొవిజన్ రాసి, దాన్ని ఇచ్చిన కేసుకి అన్వయించి, తీర్పు చెప్పడం క్లాసులో చేతితో రాయించారా లేదా అన్నదే రివ్యూలో ఉండాలి.

భాష గురించి మనవాళ్లు రివ్యూల్లో అసలు రాయరు, అది చాలా పెద్ద లోటు. ఆన్‌లైన్‌లో పేరున్న క్లాసుల్లో చాలావరకు హిందీ, ఇంగ్లిష్ కలిపి నడుస్తాయి. ఒంగోలు నుంచో ఖమ్మం నుంచో చేరిన పిల్లకి హిందీలో జోకులు, ఉదాహరణలు తలకెక్కవు, రివ్యూలో "లాంగ్వేజ్ ప్రాబ్లమ్ లేదు" అని ఉంటే నమ్మి కట్టేస్తుంది, తర్వాత ఒక్కో గంట వీడియోని ఆపి ఆపి రెండు గంటలు చూస్తుంది. అటు పూర్తిగా తెలుగులో చెప్పే క్లాసు హాయిగా అర్థమవుతుంది కానీ పరీక్ష ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాయాలి, తెలుగులో రాసే వీలు లేదు. అందుకే తెలుగు క్లాసు విన్నవాళ్లు నోట్సు, మోడల్ ఆన్సర్లు ఎలాంటి ఇంగ్లిష్‌లో ఇచ్చారో తప్పకుండా చెప్పాలి. అలాగే మీరెక్కడి నుంచి వచ్చారో కూడా. ఎంఈసీ చదివి ఫౌండేషన్ దాటొచ్చిన పిల్లకి స్లో అనిపించిన క్లాసే, బీటెక్ చేసి డైరెక్ట్ ఎంట్రీలో (ఫౌండేషన్ రాయకుండా) వచ్చిన అబ్బాయికి పరుగులా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

టాక్స్ క్లాసులకైతే తేదీ లేని రివ్యూని నేను చదవను. ఏ అటెంప్ట్‌కి, ఏ ఫైనాన్స్ యాక్ట్ (ఏటా పన్ను మార్పులు తెచ్చే చట్టం) మీద రికార్డ్ చేశారు, అమెండ్‌మెంట్ వీడియోలు విడిగా డబ్బు తీసుకుని ఇచ్చారా, పరీక్షకి ఎంత ముందు ఇచ్చారు అన్నవి ముఖ్యం. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి, 1961 నాటి ఆదాయ పన్ను చట్టం స్థానంలో కొత్త చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. మీ అటెంప్ట్‌కి ఏది వర్తిస్తుందో ఐసీఏఐ ప్రకటనే చూడాలి, రెండేళ్ల కిందటి "బెస్ట్ టాక్స్ సార్" పోస్టు కాదు.

ధర రాసేటప్పుడు కట్టిన ఫీజు ఒక్కటే రాస్తే సరిపోదు. పుస్తకాలు అందులోనేనా, కొరియర్ ఎంత, ఒక్కో వీడియోని ఎన్నిసార్లు చూడనిస్తారు, వ్యాలిడిటీ మీ అటెంప్ట్ దాకా ఉందా, పొడిగించాలంటే ఎంత, వీడియోలు ఫోన్‌లో వస్తాయా లేక ఒకే ల్యాప్‌టాప్‌కి లాక్ అవుతాయా? డౌట్ అడిగితే ఎవరు చెప్పారు, ఫ్యాకల్టీనా, టెలిగ్రామ్ గ్రూప్‌లో సీనియర్ స్టూడెంటా, ఎప్పటికి చెప్పారు? నేను రెండు చోట్ల ఒకే డౌట్‌ని ఒకే సాయంత్రం పంపించమంటాను, డెమో చూపించనిది అది చూపిస్తుంది.

ఇక మీకేమైనా అందిందా అన్నది దాచకండి. నాకు తెలిసిన ఒక కోచింగ్‌లో మొదటి చాప్టర్ కూడా అవకముందే పిల్లలందరినీ ఫోన్లు తీయమని, అక్కడికక్కడే ఐదు స్టార్లు పెట్టించారు. కాదనే ధైర్యం ఆ వయసు పిల్లలకి ఎక్కడ ఉంటుంది? డిస్కౌంట్ కోడ్ ఇచ్చేవాళ్లు "నా కోడ్ వాడితే నాకు ఇంత వస్తుంది" అని వీడియో మొదట్లోనే చెప్పాలి. 2023 జనవరిలో కేంద్రం ఎండార్స్‌మెంట్ చేసేవాళ్లకి చెప్పింది కూడా ఇదే. సొంత డబ్బు కట్టారా, సగం ఫీజుకి వచ్చిందా, అక్కడ పేపర్లు దిద్దే పనిలో ఉన్నారా, ఏదైనా సరే, ఒక లైన్ చాలు.

రాయాల్సింది ఎప్పుడంటే, పరీక్షకి ముందు. చాప్టర్లు అవుతున్నప్పుడే నోట్ చేసుకుని, క్లాసుల్లో ఎంత భాగం చూశారో, లెక్కలు మీరు చేశారో, సార్ చేస్తుంటే చూశారో నిజంగా రాసి, రిజల్ట్ రాకముందే పెట్టేయండి. మార్కులు వచ్చాక ఆ పేపర్ మార్కులు కింద కలపండి, పైన రాసింది మార్చకండి.

ఇప్పుడు కాస్టింగ్ క్లాసులు వింటున్నవాళ్లుంటే ప్రాసెస్ కాస్టింగ్, స్టాండర్డ్ కాస్టింగ్, ఈ రెండు చాప్టర్ల మీద ఇలా రాసి నాకు పంపండి. ఫ్యాకల్టీ పేరు పక్కన అటెంప్ట్, భాష, బ్యాచ్ రకం, మొత్తం ఖర్చు పెట్టి అన్నీ ఒక పట్టికలో వేస్తాను. పొగడ్త అయినా తిట్టు అయినా సరే, ఏ లెక్క దగ్గర ఆగారో ఉంటేనే అందులోకి ఎక్కుతుంది.