ఈశాన్యంలో టవర్

ఏలూరు వచ్చి మూడు రోజులు. పదకొండు దాటింది. అమ్మ పడుకుంది, లేదా పడుకున్నట్టు నటిస్తోంది. ఇల్లు అమ్మే మాట వచ్చిన రోజున ఆమె పెరుగన్నం కూడా ముట్టదు.

ఉదయం మధ్యవర్తి ఒక కుటుంబాన్ని తీసుకొచ్చాడు. బావి చూశారు, గచ్చు చూశారు, తలుపులు తట్టి చూశారు. డాబా ఎక్కాక పెద్దాయన పక్క మేడ మీది సెల్ టవర్ వైపు వేలు చూపించి, "ఈశాన్యంలో ఇంత బరువా అండీ?" అన్నారు. ఆ మాట పూర్తికాకముందే కొడుకు "రేడియేషన్ కూడా నాన్నా" అని అందుకున్నాడు. నన్ను ఇప్పటిదాకా కొరుకుతున్నది ఇదే. వాస్తు అయితే వాస్తు అనాలి, సైన్సు అయితే సైన్సు అనాలి. రెండూ కలిపి గజానికి మూడు వేలు కోశారు. నూట ఎనభై గజాలకు 5 లక్షల 40 వేలు! ఆ బరువేమో పక్కవారి నెత్తిన ఉంది, అద్దె వారికే వస్తుంది. జనరేటర్ పొగ మాత్రం మన దండెం మీది బట్టలకు.

నిజానికి ఆ టవర్ మా డాబా మీదికి రావలసింది. అప్పట్లో సిగ్నల్ కోసం నాన్న సాయంత్రం నీళ్ల ట్యాంకు పక్కన నిలబడి అక్కతో అరిచి మాట్లాడేవారు. అక్క అత్తగారి సంగతులన్నీ వీధి మొత్తానికి తెలుసు. అలాంటి రోజుల్లో కంపెనీవాళ్లు ముందు మా ఇంటికే వచ్చి టేపు పెట్టి కొలిచారు. నాన్న రెండుసార్లు కాఫీ ఇప్పించారు. అమ్మ వంటింటి గుమ్మంలోంచే "పిడుగు పడుతుంది, వద్దు" అంది. అంతే, వాళ్లు పక్కింటి గేటు తీశారు. నాన్న నాలుగు రోజులు అమ్మతో మాట్లాడలేదు. ఆ తరువాత ప్రతి ఒకటో తేదీన క్యాలెండరు కాగితం తిప్పుతూ, "ఇవాళ పక్కవారికి అద్దె వచ్చి ఉంటుంది" అనేవారు. పోయే దాకా, ఒక్క నెల తప్పకుండా.

కోపం చల్లారక కూర్చుని చదివాను. 2012 సెప్టెంబరు నుంచి మన దేశంలో టవర్ల తరంగాల పరిమితి అంతర్జాతీయ ప్రమాణంలో పదో వంతేనట. యాంటెన్నా తరంగాలను ఎక్కువగా ముందుకు చిమ్ముతుంది, సరిగ్గా కిందికి కాదు. నాలుగు వేలు కడితే టెలికాం శాఖవారు వచ్చి కొలిచి చెబుతారట. ఆ కాగితం కొడుకు చేతిలో పెట్టాలనిపించింది. కానీ 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ విభాగం ఈ తరంగాలను "క్యాన్సర్‌కు కారణం కావచ్చునేమో" అనే జాబితాలో పెట్టిందని కూడా అక్కడే ఉంది. అతనిని పూర్తిగా తప్పుపట్టలేను.

అమెరికాలో, అలబామాలోని మొబైల్ కౌంటీలో (పేరు చూడండి!) చేసిన పరిశీలనలో టవర్ దగ్గరి ఇళ్ల ధర సగటున రెండున్నర శాతం దగ్గరగా, టవర్ కంటికి కనిపించేచోట దాదాపు పది శాతం దాకా తగ్గిందట. మాది గజం నలభై వేలు. ఏడున్నర శాతం కోశారు. కన్నే బేరం ఆడుతుందన్నమాట.

అక్కకు ఫోను చేసి కాగితం సంగతి చెబితే నవ్వింది. "మియాపూర్‌లో నువ్వు ఏ కాగితం అడిగావు?" అంది. నిజమే. అక్కడ ఇల్లు చూడడానికి వెళ్లినప్పుడు, ఎదుటి మేడ మీద టవర్ కనబడగానే, మా వారికి గాలి సరిపోదని ఇంటామెకు అబద్ధం చెప్పి మెట్లు దిగాను. ఆమె ఆ రాత్రి నన్ను ఎంత తిట్టుకుందో.

ఇంతలో మధ్యవర్తి సందేశం: గజానికి రెండు వేలు తగ్గిస్తే వాళ్లకు సరేనట. రేపు చెబుతానని రాశాను. కరెంటు పోయింది, పక్కన జనరేటర్ మొదలైంది.

"ఇన్నేళ్లలో ఒక్క పిడుగైనా పడలేదు కదే" అంది అమ్మ, చీకట్లోంచి.