బావ ఇంటి ప్లగ్గు

సంక్రాంతికి పదిహేను రోజుల సెలవు మీద విజయవాడ వచ్చాను. కనుమ రోజు భోజనాలయ్యాక పటమటలో అక్కావాళ్ళ పోర్టికోలో కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. బావ తన కొత్త ఎలక్ట్రిక్ కారుకి ప్లగ్గు పెడుతూ, పక్కింటికి కూడా వినపడేలా అడిగాడు: "ఏంటోయ్ బామ్మర్దీ, అమెరికాలో ఉండి ఇంకా పెట్రోలు బండేనా? మేమే మారిపోయాం కదా!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఆ రాత్రి నిద్ర పట్టకపోతే జెట్ లాగ్ అని అమ్మకి చెప్పాను.

డాలస్ దగ్గర నేను నడిపే పాత కారు రెండు లక్షల మైళ్ళు దాటింది. వెళ్ళగానే ఇంకోటి కొనాలి. ఏది కొనాలో తేలక మూడు నెలలుగా ఎక్సెల్ షీటు ముందేసుకుని కూర్చుంటున్నాను. ఆ షీటు బావకి అప్పుడే చూపించి ఉండాల్సింది.

రోజుకి రానూపోనూ 40 మైళ్ళు, ఏడాదికి 250 రోజులు, అంటే పదివేల మైళ్ళు. గ్యాలనుకు 50 మైళ్ళిచ్చే, పెట్రోలుకి బ్యాటరీ సాయం ఉండే చిన్న హైబ్రిడ్ కొంటే (మన లెక్కలో లీటరుకు 21 కిలోమీటర్లు) 200 గ్యాలన్లు పడుతుంది. గ్యాలను మూడు డాలర్లనుకుంటే 600 డాలర్లు. ఎలక్ట్రిక్ అయితే యూనిట్‌కి మూడున్నర మైళ్ళ చొప్పున సుమారు 2,850 యూనిట్లు. ఇంటి కరెంటు 15 సెంట్లయితే 430 డాలర్లు. పెట్రోలు పన్ను కట్టడం లేదు కదా అని టెక్సస్‌లో ఎలక్ట్రిక్ బండికి ఏటా 200 డాలర్ల ఫీజు వేస్తారు, అది కలిపితే 630. కొత్త కారు మీద 7,500 డాలర్ల దాకా పన్ను రాయితీ ఉండేది, 2025 సెప్టెంబరు 30తో అదీ పోయింది.

ఇదంతా సొంత ప్లగ్గు ఉన్నవాడి లెక్క. నేనుండేది అపార్టుమెంటు మూడో అంతస్తు. కారు కింద ఎండలో, గీతల మధ్య నిలబడి ఉంటుంది. చుట్టుపక్కల ఎక్కడా ప్లగ్గు లేదు, పైనుంచి వైరు వేలాడదీస్తే లీజు కాగితం చూపిస్తారు. బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్ 45 సెంట్లనుకుంటే, ఫీజుతో కలిపి దాదాపు 1,500 డాలర్లు. పైగా వారానికి ఒకటి రెండు సార్లు సూపర్ మార్కెట్ పార్కింగులో ఫోను చూసుకుంటూ అరగంటేసి కూర్చోవాలి.

తమాషా ఏంటంటే, ఈ విషయంలో పటమట గోడే గట్టిది. మన ఇళ్ళలో 230 వోల్టులు, అక్కడి మామూలు ప్లగ్గులో 120. బావ తన 15 ఆంపియర్ల ప్లగ్గుకి తగిలించి పడుకుంటే గంటకి మూడు యూనిట్లు ఎక్కుతాయి. అక్కడ మామూలు ప్లగ్గుకి పెడితే అందులో సగం కూడా రావు. ఆ సగానికి కూడా నాకు గోడ లేదు, అది వేరే సంగతి.

ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన, పుట్టి పెరిగింది టెక్సస్‌లోనే, నా గోల వినీ వినీ, "శనివారాలు మా గరాజ్‌లో పెట్టుకో, నాకేం ఇబ్బంది లేదు" అన్నాడు. నిజంగానే అన్నాడు, మర్యాదకి కాదు. నాకే మనసొప్పలేదు. ఒకరి ఇంట్లో కారు వదిలేసి రాత్రంతా వాళ్ళ కరెంటు తోడుకోవడమేంటి? డబ్బిస్తే తీసుకోడు. ఎన్ని వారాలని పులిహోర డబ్బా పట్టుకెళ్ళను?

ఇల్లు కొనుక్కోవచ్చుగా అంటారు. ఉద్యోగం పోతే ఇంకో ఉద్యోగం వెతుక్కోవడానికి నా వీసా ఇచ్చే గడువు 60 రోజులు. గ్రీన్ కార్డు వరుసలో మనవాళ్ళ సంగతి తెలిసిందే. ఆ భయంతోనే ఇల్లు వాయిదా, ఇల్లు లేక ప్లగ్గు వాయిదా. కారు అప్పు కూడా నాలుగు నెలల జీతానికి మించకూడదని పెట్టుకున్నాను. ఇవన్నీ బావకి పోర్టికోలో చెప్పేవా?

అమ్మకి మాత్రం చెప్పాను, ఈసారికి గ్యాస్ బండే తీసుకుంటానని. అక్కడ పెట్రోలుని అలాగే అని అని నాకూ అలవాటైపోయింది. "ఆటోల్లో పెడుతున్నారే, ఆ సిలిండరా? జాగ్రత్త నాన్నా" అంది.

వెళ్ళే ముందు రోజు అక్క ఇంటి వెనక బట్టలు ఆరేస్తుంటే సాయం వెళ్ళాను. జామచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని ఒక కారు ఉంది. బావ పాత డీజిల్ బండి.

"అమ్మలేదా?" అన్నాను.

"ఎందుకమ్ముతారురా, హైదరాబాద్ వెళ్ళాలంటే అదే తీస్తారు. దారిలో ఛార్జింగ్ దగ్గర ఎక్కడ ఆగాల్సొస్తుందోనని ఆయనకి టెన్షన్. ఊళ్ళో తిరగడానికే ఆ కరెంటు బండి," అంది క్లిప్పులు అందుకుంటూ.

వెంటనే పోర్టికోలోకి వెళ్ళి బావ మాట బావకే అప్పజెప్పాలి కదా. వెళ్ళలేదు. ఆయనకి రెండు బళ్ళున్నాయి, రెండింటికీ చోటుంది. నేను క్లిప్పుల డబ్బా పట్టుకుని అక్కడే నిలబడ్డాను.