చేలో దిగే కాలు

సార్వా ఊడ్పులప్పుడు అరికాల్లో నత్తగుల్ల కోసుకుంది. షుగర్ వల్ల పాదాలకు స్పర్శ తగ్గిపోయి నొప్పే తెలియలేదు. వారం రోజులు ఆ బురదలోనే తిరిగాను. చివరికి మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ రాత్రుల గురించి చెప్పాలి. లేని బొటనవేలిని ఎవరో మెలిపెడుతున్నట్టు నొప్పి. "ఎక్కడండీ?" అంటూ మా ఆవిడ ఖాళీ దుప్పటి మీద రాసేది. అది భ్రమ కాదనీ, మెదడులో పుట్టే నిజమైన నొప్పేననీ డాక్టరు చెప్పాకే నా మనసు కుదుటపడింది. కాళ్ల మధ్య నిలువుటద్దం పెట్టి, అందులో మంచికాలు చూస్తూ వేళ్లు కదపమన్నారు. రోజూ చేశాను. నాకు మెల్లగా తగ్గింది.

హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకునేవాణ్ణి. ఫిజియోథెరపీ అమ్మాయి లాగేసింది. "మోకాలు వంగి బిగుసుకుపోతే కృత్రిమ కాలు పెట్టుకోలేవు బాబాయ్."

తర్వాతి తప్పు నా తొందర. వాపు పూర్తిగా తీయకముందే ఒక షాపులో కృత్రిమ కాలు కొన్నాను. మొదటి నెలల్లో కోసేశాక మిగిలిన కాలి మొండి చిక్కిపోతుందని వాళ్లు చెప్పలేదు. మొండిని దూర్చే గిన్నె లాంటి సాకెట్ వదులై, రాసుకుని, బొబ్బలెక్కింది. అది మానేదాకా మళ్లీ మంచమే.

అప్పుడు జైపూర్ కాలు సంగతి తెలిసింది. 1968లో రామచంద్ర శర్మ అనే హస్తకళాకారుడు, డాక్టర్ పి.కె. సేథీ కలిసి తయారుచేసిన రబ్బరు పాదం. చెప్పులు లేకుండా నడవచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, తడిసినా పాడవదు. మా ఊళ్లో ఉద్యోగం చేసుకునే కుర్రాడికి కార్బన్ ఫైబర్ పాదం బాగా కుదిరింది, స్ప్రింగులా ముందుకు తోస్తుందట. గట్ల మీద తిరిగే నాకు మాత్రం ఇదే సరైనది. క్యాంపులో కొలతలు తీసుకుని ఉచితంగా ఇచ్చారు. వికలాంగులకు పరికరాలిచ్చే కేంద్రం అడిప్ పథకం కింద కూడా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ఇస్తారు. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ మాత్రం ముందే చేయించుకోండి, నెలకు 6000 పింఛను దాంతోనే వస్తోంది.

మొండి సాయంత్రానికి ఇంకాస్త చిక్కుతుంది, ఇంకో మేజోడు తొడుక్కుంటాను. రాత్రి కాలు తీశాక మా ఆవిడ టార్చి వేసి చూస్తుంది. ఎరుపు కాసేపటికి పోకపోతే మర్నాడు కాలు పెట్టుకోనివ్వదు.

మొన్న దాళ్వా ఊడ్పులకు కర్ర పట్టుకుని చేలో దిగాను. తిరిగొస్తూ కాలవ రేవులో కూర్చుని, రబ్బరు వేళ్ల సందుల్లో బురదంతా కడిగాను.