18కీ 19కీ మధ్య పోయిన నా మొదటి అటెంప్ట్: బీఎస్‌ఎఫ్ లా పార్ట్ అనుభవం

నిన్న సాయంత్రం నాకా (కాపలా) డ్యూటీకి బయల్దేరుతుంటే మా సీహెచ్‌ఎం (కంపెనీ హవల్దార్ మేజర్) వెనక నుంచి కేకేశాడు. లిస్టు వచ్చిందట. బీఎస్‌ఎఫ్ (సరిహద్దు భద్రతా దళం)లో ఉన్నవాళ్లం ఎస్‌ఐ కావడానికి రాసే శాఖాపరమైన పరీక్ష, ఎల్‌డీసీఈలో నా నంబరు ఉంది. ఆ రాత్రి కునుకు రాలేదు. సెంట్రీకి కునుకు రాకూడదు కూడా, దానికి వేరే సెక్షన్ ఉంది లెండి.

ముందుగా ఒక మాట. మా బీఎస్‌ఎఫ్ యాక్ట్‌లోని సెక్షన్ 13 నాకు గుర్తుంది. అనుమతి లేకుండా పత్రికలకెక్కకూడదు, ఉత్తరాలూ పుస్తకాలూ ప్రచురించకూడదు. కేవలం సాహిత్యం, కళ, శాస్త్రం అయితే మినహాయింపు. నా రాత సాహిత్యమో కాదో మీరే చెప్పాలి. అందుకే యూనిట్ పేరు, పోస్ట్ పేరు, డ్యూటీ సంగతులు ఏవీ రాయడం లేదు. ప్రిపరేషన్ వరకే.

రీజనింగ్, జీకే, వెపన్ పార్ట్ గురించి కొత్తగా చెప్పేదేం లేదు, అందరం అవే పుస్తకాలు తిప్పుతున్నాం. మన తెలుగువాళ్లం ఎక్కువగా దెబ్బతినేది లా దగ్గరే. నేనూ అక్కడే పడ్డాను.

మొదటి అటెంప్ట్‌కి బీఎస్‌ఎఫ్ యాక్ట్ 1968ని ఎక్కాల్లా బట్టీ పట్టాను. సెక్షన్ 4 ఫోర్స్ ఏర్పాటు, 17 తిరుగుబాటు, 18 డెజర్షన్ (దళం వదిలి పారిపోవడం), 19 సెలవు లేకుండా గైర్హాజరు, 20 పై అధికారిని కొట్టడం, 21 ఆజ్ఞ ధిక్కారం, 40 క్రమశిక్షణ ఉల్లంఘన, 64 మూడు రకాల దళ కోర్టులు (జనరల్, పెటీ, సమ్మరీ). నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. పరీక్షలో ఒక సందర్భం ఇచ్చి అడిగారు. ఒక కానిస్టేబుల్ సెలవు అయిపోయింది, తల్లికి ఒంట్లో బాగోలేదు, 35 రోజులు ఆలస్యంగా వచ్చాడు, పెట్టే బట్టలూ బ్యారక్‌లోనే ఉన్నాయి, మధ్యలో కంపెనీకి ఫోన్ కూడా చేశాడు. ఏ సెక్షన్? 30 రోజులు దాటింది కదా అని 18 పెట్టేశాను. రెండు మార్కుల తేడాతో పోయింది.

తర్వాత చాలా రోజులు పేపర్‌నే తిట్టుకున్నాను. సిగ్గుపడాల్సిన విషయం అసలు ఇంకొకటి ఉంది. నేనే ఒకసారి 19 కింద నిలబడ్డాను!

మాది ఉద్దానం. 2018 అక్టోబర్‌లో సెలవు మీద ఇంటికొచ్చాను. 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. జీడితోటలు, కొబ్బరిచెట్లు ఒక్క రాత్రిలో నేలకొరిగాయి. కరెంటు లేదు, సిగ్నల్ లేదు, రైళ్లు లేవు. మా ఇంటి రేకులెగిరిపోతే నాన్నా నేనూ వాటిని ఏరుకుంటూ ఉండిపోయాం. ఎనిమిది రోజులు ఆలస్యంగా చేరాను. ఆర్డర్లీ రూంలో సీఓ (కమాండెంట్) సాబ్ ముందు పేషీ, అంటే విచారణకి హాజరు. ఎందుకు ఆలస్యమైందని అడిగితే "గల్తీ హో గయీ సాబ్" అన్నాను. అంతే. తుపాను అనలేదు, ఎమ్మార్వో దగ్గర్నుంచి చిన్న కాగితం తేలేదు. ఎక్స్‌ట్రా గార్డులు పడ్డాయి, చేసేశాను. ఆయన తప్పేమీ లేదు, ఆయన ముందున్నది నేను చెప్పిన మాట ఒక్కటే.

19(బి)లో ఏముందో అప్పుడు చదివి ఉంటే బాగుండేది. తగిన కారణం లేకుండా సెలవు గడువు దాటి ఉండిపోవడం నేరం అని ఉంది. 'తగిన కారణం లేకుండా' అన్న మూడు మాటలు నా కోసమే రాసినట్టుంటాయి. బీఎస్‌ఎఫ్ రూల్స్ 1969లో రూల్ 45 ప్రకారం సీఓ ముందు మనం సాక్షుల్ని ప్రశ్నించొచ్చు, మన మాట చెప్పుకోవచ్చు. బ్యారక్‌లో ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. నేనూ ఎవర్నీ అడగలేదు.

ఫెయిలయ్యాక ఒక రాత్రి అమ్మకి ఫోన్లో ఈ ప్రశ్న మొత్తం చెప్పాను. ఆమె చదువుకోలేదు. విని, "వాడు రాలేకపోనాడు గానీ రానని అన్లేదు కదరా" అంది. 18కీ 19కీ ఉన్న తేడా అదే. డెజర్షన్‌కి తిరిగి రాకూడదన్న ఉద్దేశం కావాలి. యాక్టివ్ డ్యూటీలో (శత్రువుపై ఆపరేషన్, సరిహద్దు గస్తీ లాంటివి) చేస్తే మరణశిక్ష దాకా, మామూలప్పుడు ఏడేళ్ల దాకా జైలు. 19కి మూడేళ్ల దాకా. మరి 30 రోజులు? అది సెక్షన్ 62. నెల దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వయిరీ వేసి గైర్హాజరు రికార్డు చేస్తారు. ఆ కాగితం వేరు, విచారణలో ఉద్దేశం రుజువవడం వేరు. నేను ఈ రెంటినీ కలిపి నూరేశాను.

అక్కడి నుంచి పద్ధతి మార్చాను. ప్రతి సెక్షన్‌కీ ఒక మనిషిని, ఒక రోజుని ఊహించుకుని తెలుగులో రాసుకున్నాను. సెక్షన్ 47 తీసుకోండి. మన జవాను బయటి పౌరుణ్ని హత్య చేశాడంటే మామూలుగా మన కోర్టు విచారించదు. యాక్టివ్ డ్యూటీలోనో, దేశం బయటో, కేంద్రం నోటిఫై చేసిన చోటో అయితేనే విచారిస్తుంది. జనరల్ కోర్టుకి కనీసం ఐదుగురు, పెటీకి ముగ్గురు, సమ్మరీ అయితే కమాండెంట్ ఒక్కరే. ఒక్కరే కూర్చుంటారు కాబట్టే 'నేరం ఒప్పుకుంటున్నా' అన్న మాటకి అంత బరువు. రూల్ 142 చదవండి. ఆ మాట రాసుకునే ముందు అభియోగం ఏమిటో, ఒప్పుకుంటే ఏమవుతుందో నిందితుడికి వివరించాలి. 2023లో సుప్రీంకోర్టుకి వెళ్లిన ఒక కానిస్టేబుల్ కేసు అంతా ఈ ఒప్పుకోలు చుట్టూనే తిరిగింది, డిస్మిసల్ నిలబడలేదు. నా 'గల్తీ హో గయీ' గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పాత గైడ్లతో జాగ్రత్త. సెక్షన్ 139 కింద మన సోదా, అరెస్టు అధికారాలు పంజాబ్, పశ్చిమ బెంగాల్, అస్సాంలో సరిహద్దు నుంచి 15 కిలోమీటర్ల వరకు అనే ఇంకా ఉంది నా దగ్గరున్నదాంట్లో. 2021 అక్టోబర్ నోటిఫికేషన్‌తో అది 50 అయింది, గుజరాత్‌లో 80 నుంచి 50కి తగ్గింది, రాజస్థాన్ 50 అలాగే ఉంది. పరిధి పెరిగిందని దర్యాప్తు మనది కాదు, పట్టుకున్నవాణ్ని పోలీసులకి అప్పగించాల్సిందే. 2024 జులై 1 నుంచి ఐపీసీ నంబర్లు పోయి బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత) వచ్చింది, అది కూడా సరిచూసుకోండి. ఇంకొకటి, పదేళ్లు చేసి రూల్ 19 కింద రాజీనామా ఇస్తే పెన్షన్ వచ్చేస్తుందని లంగర్‌లో (మెస్‌లో) ఇప్పటికీ చెప్పుకుంటారు. దాన్ని 2001లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది, రాదు.

చదవడానికి టైం లేదన్నవాళ్లతో నాకు పడదు. నాకా దిగొచ్చాక గంటన్నర ఫోన్ చూస్తాం, అందులో సగం చాలు. ప్రిపేరైన ఆ రెండేళ్లూ నేను సెలవుల్లో కూడా పుస్తకమే పట్టుకున్నాను. మా మరదలి పెళ్లికి ఒక్క రోజే ఉన్నానని మా ఆవిడ ఇంకా దెప్పుతుంది. ఆమె మాట నిజమే. కానీ ఆ వారం ఆగిపోయి ఉంటే ఈ లిస్టులో ఉండేవాణ్నా అంటే, నా దగ్గర జవాబు లేదు. అప్పుడు అదే సరి అనిపించింది, అంతే.

నా నోట్స్ అడిగేవాళ్లకి: అది ప్రస్తుతం నా దగ్గర లేదు. మా కంపెనీలో ఒక కుర్రాడు పాప జ్వరంతో సెలవు దాటి మూడు రోజులు ఆలస్యంగా వచ్చాడు. సోమవారం పేషీ. వాడికిచ్చాను. ఆసుపత్రి చీటీ వాట్సాప్‌లో తెప్పించి ప్రింట్ తీయించుకోమన్నాను. "సాబ్ ముందు ఏమనాలి అన్నా?" అని అడిగాడు. జరిగింది జరిగినట్టు చెప్పు, 19(బి) ఒకసారి చదువుకుని వెళ్లు అన్నాను.